కరివేపాకు కొసరు

మీ సొంతూరు ఏదని ఎవరైనా అడిగితే నేను కాస్త తడబడతాను. పుట్టింది తెనాలి దగ్గర ఒక పల్లెలో. ఆ పల్లె గురించి నాకు గుర్తున్నదల్లా ఒక గేదె, అది నావైపు చూసిన కోపపు చూపు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ పెరిగిందంతా వుడ్‌ల్యాండ్స్‌లోనే. సింగపూర్‌లో ఉత్తరాన అదే చిట్టచివరి ఊరు. ఆ తర్వాత నీళ్ళు, నీళ్ళ మీద వంతెన, అవతల మలేషియా. నగరం నడిమధ్య బిషాన్‌లో ఉండే నాన్న స్నేహితులు మా ఇంటికి బయల్దేరేముందు, "పాస్‌పోర్టు పట్టుకు రావాలా ఏంటి?" అని ఫోన్‌లో ఎగతాళి చేసేవారు. ఆ మాట ప్రతిసారీ తామే కొత్తగా కనిపెట్టినట్టు అనేవారు. నాన్న ప్రతిసారీ నవ్వేవాడు. అమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. అమ్మ ఈ దేశానికి షరతు మీద వచ్చింది. నాన్నకు ఇక్కడి బ్యాంకులో కంప్యూటర్ల పని దొరికి, మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఊరికి వచ్చినప్పుడే తేల్చి చెప్పేసింది.

"ఏడాది చూస్తానండీ. అప్పటికీ మనసు నిలవకపోతే నేనూ పిల్లా వెనక్కొచ్చేస్తాం. మీరు అక్కడే ఉండి ఆ కంప్యూటర్లతో కాపురం చేసుకోండి."

నాన్న సరేనన్నాడు. ఆయన అన్నింటికీ సరేనంటాడు. అన్నాక అవే సర్దుకుంటాయని ఆయన నమ్మకం.

ఆ షరతుకు సాక్ష్యం మంచం కింద ఉండేది. చక్రాలున్న ఎర్ర సూట్‌కేసు. అందులో అమ్మ చీరల్లో సగం, మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. అల్మరాలో బోలెడంత చోటుంది. బయటపెట్టవేమని అడిగితే, "మళ్ళీ సర్దుకోవడం ఎవరివల్ల అవుతుందే?" అనేది. నాకేమో వచ్చిన వారానికే ఈ ఊరు తెగ నచ్చేసింది. లిఫ్టు ఉంది. పొద్దున్నే వెన్న, కొబ్బరి జామ్ పూసి కాల్చిన రొట్టె ఉంది. బడిలో నా పక్కన కూర్చునే మలయ్ పిల్ల నాకు తన రబ్బరులో సగం కోసి ఇచ్చింది. వెనక్కి వెళ్తే ఏముంది? గేదె. అందుకని రోజూ బడి నుంచి రాగానే మంచం కిందికి వంగి సూట్‌కేసు కదిలిందేమో చూసుకునేదాన్ని.

మా అపార్ట్‌మెంటు బ్లాకు కిందే ఏసీ సూపర్‌మార్కెట్ ఉండేది. "చల్లగా ఉంటుంది, ధర రాసి ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు," అని నాన్న దాన్ని మెచ్చుకునేవాడు. "అదేగా దాని రోగం," అనేది అమ్మ. ఆవిడకు కావలసింది సంత. రెండు వీధుల అవతల ఉంది. ఇక్కడ దాన్ని వెట్ మార్కెట్ అంటారు. చేపలమ్మేవాళ్ళు పొద్దస్తమానం నేల కడుగుతూనే ఉంటారు కాబట్టి అక్కడ ఎప్పుడూ చెప్పులు తడుస్తాయి. ఒకపక్క చేపలూ కోళ్ళూ, మధ్యలో కూరగాయలు, ఆ చివర తిండి కొట్లు. అరుపులు, తోపులాట, వాసన. మొదటిసారి లోపల అడుగుపెట్టినప్పుడు అమ్మ ముఖం విప్పారడం నేను చూశాను. తర్వాత ఐదు నిమిషాల్లో యుద్ధం మొదలైంది.

యుద్ధం కూరగాయల ఆంటీతో. ఆంటీ చైనీయురాలు. పొట్టిగా, పూల చొక్కా వేసుకుని, కాళ్ళకు రబ్బరు బూట్లు, మెడలో తువ్వాలు. మనిషి చిన్నదే గాని గొంతు మాత్రం మైకు. ఆవిడకు ఇంగ్లీషు నాలుగు ముక్కలొచ్చు. అమ్మకూ నాలుగు ముక్కలొచ్చు. చిక్కేమిటంటే, ఆ నాలుగూ ఈ నాలుగూ వేరు.

అమ్మ బెండకాయలు ఏరింది. ఒక్కొక్కదాని తోక విరిచి చూసి మరీ ఏరింది. వంకాయలు, టొమాటోలు తీసుకుంది. ఆంటీ తూకం వేసి సంచీలో పోసి, డబ్బు పుచ్చుకుని, చివర్లో ఒక గుప్పెడు ఉల్లికాడలు లోపల పడేసింది. ఇక్కడ అది మామూలే. నాలుగు కూరలు కొన్న మనిషికి అడక్కుండానే గుప్పెడు ఉల్లికాడలో రెండు మిరపకాయలో పడేస్తారు. అది మాకు తెలియదు. అడగనిది అంటగడుతోంది అనుకుంది అమ్మ. తీసి బల్ల మీద పెట్టింది. ఆంటీ మళ్ళీ సంచీలో వేసింది. అమ్మ మళ్ళీ తీసింది. ఆంటీ, "ఫ్రీ! ఫ్రీ లా!" అని అరుస్తూ మళ్ళీ వేసింది. ఇక్కడివాళ్ళకు మాట చివర లా తగిలించడం అలవాటు. వెనక క్యూ పెరిగింది. ఒక పెద్దాయన నాలుక చప్పరిస్తూ విసుక్కున్నాడు. నేను ఆయనకు సారీ, ఆయన వెనకావిడకు సారీ, ఆమె చంకలో ఉన్న పసివాడికి కూడా సారీ చెప్పాను.

"ఊరికే ఇస్తోందమ్మా," అని చెవిలో చెప్పాను.

"ఊరికే ఎందుకిస్తుందే? నేనడిగానా?"

అప్పుడు నాకు అర్థం కాలేదు గాని, అమ్మ లెక్కలో అది పెద్ద తప్పు. బేరం ముగిశాక కొనేవాళ్ళు "కొసరు వెయ్యి" అనాలి. అమ్మేవాళ్ళు "ఇంకేం కొసరు, నా పిల్లలు ఏం తినాలి" అనాలి. కాసేపు ఒకళ్ళనొకళ్ళు దుమ్మెత్తి పోసుకోవాలి. అప్పుడు విసురుగా పడేసేది కొసరు. అడక్కుండా చేతిలో పెట్టేది కొసరు కాదు, బిచ్చం. అది పరాయివాళ్ళకు చేసే పని అని అమ్మ సిద్ధాంతం. కాబట్టి ఉల్లికాడలు బల్ల మీద పెట్టి, పక్కనున్న కరివేపాకు కట్ట చూపించి, స్వచ్ఛమైన తెలుగులో అడిగింది.

"రెండు రెబ్బలు కొసరు వెయ్యి."

భాష తెలియకపోయినా ఆ వేలు ఏమంటోందో ఆంటీకి తెలిసింది. కరివేపాకు కట్ట మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "కెనాట్! కరీ లీఫ్ మస్ట్ బై!" అంది.

నేను తెలుగులో చెప్పగానే అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. కరివేపాకు కొనుక్కోవాలట! ఎవరినైనా లెక్కచేయకపోతే కరివేపాకులా తీసి పారేశారంటాం మనం. అలాంటి ఆకుని కట్టగట్టి, అమ్మకానికి పెట్టి, పైగా చెయ్యి అడ్డం పెడుతోంది. ఉల్లికాడలు ఊరికే ఇస్తుందట, కరివేపాకు మాత్రం ఇవ్వదట. ఇంటికి వెళ్ళేదాకా దారంతా అమ్మ ఆ అన్యాయాన్ని తిరగేసి, బోర్లేసి చెప్పింది. ఇంక ఆ మార్కెట్ ముఖం చూడనంది.

మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని నన్ను లేపింది.

అలా మొదలైంది. రోజు విడిచి రోజు వెళ్ళేవాళ్ళం. సెలవుల్లో అయితే రోజూ. ప్రతిసారీ అవే ఉల్లికాడలు లోపలికి, బయటికి. ప్రతిసారీ అదే కరివేపాకు, అదే "కెనాట్". మధ్యలో దుబాసీని నేను. అమ్మ, "ఈవిడ గుండె గుండేనా, బండరాయా? రెండు రెబ్బలకి ప్రాణం పోతుందా?" అనేది. నేను ఆంటీవైపు తిరిగి, "మై మదర్ సే థాంక్యూ, ఆంటీ," అనేదాన్ని. ఆంటీ చైనీస్‌లో చేతులు తిప్పుతూ చాలాసేపు ఏదో అనేది. నేను, "మళ్ళీ రమ్మంటోందమ్మా," అనేదాన్ని. ఇంత తిట్టినా ఆవిడ రమ్మంటోందే అని అమ్మ ఆశ్చర్యపోయేది. ఇంత గొడవ చేసి థాంక్యూ చెబుతుందేంటని ఆంటీ కూడా ఆశ్చర్యపోయే ఉంటుంది.

నాకు మాత్రం ఒకటే దిగులు. ఇలా రోజూ తగువులాడుకుంటే అమ్మ మనసు ఇక్కడేం నిలుస్తుంది? ఆంటీ కెనాట్ అన్న ప్రతిసారీ ఆ ఎర్ర సూట్‌కేసు ఎయిర్‌పోర్టు వైపు జానెడు జరిగినట్టే అనిపించేది. అందుకని అమ్మకు ఎవరైనా మంచి స్నేహితురాలు కావాలని నాన్న దగ్గర గొడవ పెట్టాను. నాన్న తన ఆఫీసాయన ఇంటికి, పడమటి కొసనున్న బూన్ లేకి, ఒక ఆదివారం భోజనానికి తీసుకెళ్ళాడు. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఆంటీలందరూ చక్కగా, మెల్లగా మాట్లాడారు. పిల్లల పియానో క్లాసుల గురించి, కొనబోయే ఖరీదైన కాండో ఫ్లాట్ల గురించి చెప్పుకున్నారు. ఒకావిడ అమ్మని, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది.

"వంట," అంది అమ్మ.

అందరూ మర్యాదగా చిరునవ్వు నవ్వి, గారెలు బాగున్నాయన్నారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "అందరూ మంచోళ్ళే. ఒక్కళ్ళన్నా గట్టిగా మాట్లాడరేంటే?" అంది. నా ప్రయత్నం బెడిసికొట్టిందని అర్థమైంది.

అప్పుడు నవంబరు. ఏడాది గడువు దగ్గరపడుతోంది. ఆ సమయంలోనే ఒకరోజు వెళ్ళేసరికి ఆంటీ కొట్టు మూసి ఉంది. బల్ల మీద నీలం పట్టా కప్పి ఉంది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. పక్కన చేపలమ్మే అంకుల్, ఆంటీ ఇదే తడి నేల మీద జారిపడిందనీ, మణికట్టు విరిగిందనీ చేతులతో చూపించి చెప్పాడు. ఈసారి నేను ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాను. అమ్మ ఆ నీలం పట్టా వంక కాసేపు చూసింది. ఎదురుగా ఇంకో రెండు కూరగాయల కొట్లున్నాయి. వాటివైపు తల కూడా తిప్పలేదు.

కరివేపాకు సూపర్‌మార్కెట్ నుంచి వచ్చింది, ప్లాస్టిక్ డబ్బాలో. వాసనే లేదంది అమ్మ. చారు బాగోలేదంది. వర్షం బాగోలేదంది. నాన్న దగ్గు కూడా బాగోలేదంది. ఒక సాయంత్రం నాన్న మెల్లగా, "పోనీ, టికెట్లు చూడమంటావా?" అన్నాడు.

"చూడండి," అంది అమ్మ.

నేను గదిలోకి వెళ్ళి మంచం కింద సూట్‌కేసు పక్కన పడుకుని ఏడ్చాను. నాకు ఇప్పటికీ ఆ సూట్‌కేసు ప్లాస్టిక్ వాసన గుర్తుంది.

ఆ శనివారం పొద్దున అమ్మ ఒక్కతే సంతకు వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా వట్టి చేతులతో తిరిగొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి సూట్‌కేసు లాక్కుంటూ బయటికొచ్చి, చెప్పులేసుకుని లిఫ్టెక్కేసింది. నాన్న లుంగీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నాన్నా! అమ్మ వెళ్ళిపోతోంది!" అని కేకపెట్టాను.

నాన్న లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. నేను ఒంటి చెప్పుతో వెనక. లిఫ్టు రాలేదు, మెట్లు దిగాం. బ్లాకు కింద చదరంగం ఆడుకుంటున్న ముసలాళ్ళు ఆట ఆపి మావైపు చూశారు. అల్లంత దూరాన అమ్మ, వెనక గడగడమంటూ సూట్‌కేసు. స్టేషన్‌కి కుడివైపు తిరగాలి. అమ్మ ఎడమవైపు తిరిగింది. నాన్న, "దారి కూడా తెలీదే నీకు!" అని అరుస్తూ పరుగెత్తాడు.

అమ్మకు దారి బాగానే తెలుసు. మేం రొప్పుకుంటూ మార్కెట్‌లోకి వెళ్ళేసరికి ఆంటీ కొట్టు ముందు సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. ఆంటీ తిరిగొచ్చేసింది, చేతికి పిండికట్టు, ఆ చెయ్యి మెడకు వేలాడుతోంది. బల్ల మీద ఇంత పెద్ద బూడిదగుమ్మడికాయ. ఆంటీ మామూలుగా దాన్ని చక్రాలుగా కోసి అమ్ముతుంది. ఒంటిచేత్తో కత్తి దింపలేకపోయింది. కాయ మొత్తం కొనేవాళ్ళు ఎవరూ లేరు. అది చూసే అమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి మూడు చేతులతో దాన్ని సూట్‌కేసులోకి దొర్లిస్తున్నారు. "అటు కాదు, తొడిమ ఇటు!" అని అమ్మ తెలుగులో, ఇంకేదో ఆంటీ చైనీస్‌లో. ఇద్దరి గొంతులూ కప్పు ఎగిరిపోయేలా ఉన్నాయి.

అమ్మ తల తిప్పి మమ్మల్ని చూసింది.

"లుంగీతో వచ్చారేంటండీ, నలుగురిలోకి?"

"నువ్వు... సూట్‌కేసు..." నాన్నకు ఊపిరి అందడం లేదు.

"మరి ఇంత కాయ నెత్తిన పెట్టుకుని మొయ్యమంటారా?"

తర్వాత ఆంటీవైపు తిరిగి, కరివేపాకు చూపించి, ఇంత కాయ కొన్నాక కూడా రెండు రెబ్బలు వెయ్యకపోతే ఊరుకోనంది. ఆంటీ మంచి చెయ్యి కరివేపాకు మీద అడ్డం పెట్టి, "కెనాట్!" అంది. ఆ చెయ్యి తీసి గుప్పెడు ఉల్లికాడలు కాయ పక్కన పడేసింది. అమ్మ తీసి బల్ల మీద పెట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, అక్కడే ఆ తడి నేల మీద కూలబడి ఏడ్చేశాను. చేపల అంకుల్ ఏమైందోనని ఒక టిష్యూ ఇచ్చాడు.

ఇంటికొచ్చి చూస్తే మంచం మీద చీరలు గుట్టగా పడున్నాయి. సూట్‌కేసుకు గుమ్మడికాయ తడీ, చేపల వాసనా పట్టిందని అమ్మ వాటిని అల్మరాలో సర్దేసింది. టికెట్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయ వడియాలై వరండాలో పాత చీర మీద ఎండింది. ఒక డబ్బా ఆంటీకి వెళ్ళింది. మరీ ఉప్పని ఆంటీ ముఖం చిట్లించి, ఇంకా పెట్టమన్నట్టు ఖాళీ డబ్బా పట్టుకొచ్చి అమ్మ ముందు పెట్టి నిలబడింది. సూట్‌కేసు ఇంక మంచం కిందికి వెళ్ళలేదు. సంతకు వెళ్ళే బండి అయింది. మా బ్లాకులో అమ్మను ఇప్పటికీ చాలామంది ఎయిర్‌పోర్ట్ ఆంటీ అంటారు.

నేను చదువైపోయి, ఉద్యోగంలో చేరి, బిషాన్‌లో కాపురం పెట్టాను. ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్ట్ జోకు నేనే వేస్తాను, అమ్మ ఇప్పటికీ నవ్వదు. నా అనువాదం అవసరం ఎప్పుడో తీరిపోయింది. అమ్మ తెలుగులోనే మాట్లాడుతుంది, చివర లా చేరుస్తుంది. అమ్మకు జుట్టు నెరిసినా ఆంటీ ఇంకా పడుచుపిల్లను పిలిచినట్టు మిస్సీ అనే పిలుస్తుంది.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది.

"ఆవిడ మానేస్తోందటే. మోకాళ్ళు నిలబడనివ్వడం లేదట. ఆదివారమే ఆఖరు. నువ్వు రా."

అమ్మ నన్ను రమ్మని అడగడం అరుదు. వెళ్ళాను. కొట్టులో సగం బల్ల అప్పటికే ఖాళీ. అమ్మ బెండకాయలు ఏరింది, తోకలు విరవలేదు. చెప్పిన ధర ఇచ్చేసింది. ఆంటీ సంచీ పట్టుకుని నిలబడింది. అమ్మ అడుగుతుందని ఎదురుచూసింది. అమ్మ అడగలేదు. ఆఖరిరోజు కూడా ఆవిడను సతాయించడం దేనికని, మంచిదానిలా ఊరుకుంది.

"టుడే వై నెవర్ ఆస్క్?" అంది ఆంటీ.

"ఇవాళ వద్దులే," అంది అమ్మ.

ఆంటీ ముఖం మాడిపోయింది. వెనక్కి తిరిగి సంచీ కట్టి, అటు చూస్తూనే చేతికిచ్చింది. ఇద్దరూ వెళ్ళొస్తామని కూడా చెప్పుకోలేదు. ఇంటిదాకా సూట్‌కేసు చక్రాలు గడగడమంటూనే ఉన్నాయి.

వంటింట్లో సంచీ కుమ్మరించింది అమ్మ. బెండకాయలు, టొమాటోలు. వాటి అడుగున, కాగితం చుట్టి, ఇంత లావు కరివేపాకు కట్ట. కొట్టులో మిగిలిందంతా అదే అయి ఉంటుంది. ఉల్లికాడలు లేవు.

అమ్మ దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం లేచింది.

"చూశావటే? అడక్కుండా పెట్టింది! ఇన్నేళ్ళ తర్వాత నన్ను పరాయిదాన్ని చేసింది!"

"ముందు అడగనిది నువ్వే కదమ్మా," అన్నాను.

అమ్మ నావైపు చూసింది. కట్ట మళ్ళీ సంచీలో వేసుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"పద, కొట్టు మూసేస్తుంది."

మేం వెళ్ళేసరికి ఆంటీ నీలం పట్టా మడత పెడుతోంది. ఆఖరి సరుకేదో దొరుకుతుందని ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. అమ్మ వాళ్ళ ముందుకెళ్ళి కరివేపాకు కట్ట బల్ల మీద టపీమని పడేసింది. వేలు చూపించింది.

"రెండు రెబ్బలు కొసరు వెయ్యి!"

ఆంటీ కట్టవంక చూసింది, అమ్మవంక చూసింది. పట్టా కింద పడేసి, కరివేపాకు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కెనాట్! కరీ లీఫ్ మస్ట్ బై!" అంది, మార్కెట్ అంతా వినపడేలా.

బల్ల కింద వెతికి వాడిపోయిన ఉల్లికాడలు నాలుగు తీసి అమ్మ సంచీలో వేసింది. అమ్మ తీసి బల్ల మీద పెట్టింది. ఆంటీ మళ్ళీ వేసింది. ఇద్దరి ముఖాలూ తడిసి ఉన్నాయి, ఇద్దరూ అరుస్తున్నారు. వెనక ఒకాయన నాలుక చప్పరిస్తూ విసుక్కున్నాడు. నేను ఆయనవైపు తిరిగాను. ఈసారి సారీ చెప్పలేదు.

"వెయిట్ లా, అంకుల్. వాళ్ళ బేరం ఇంకా అవలేదు."